టీచరమ్మ మాటిచ్చిన బండి

షోరూములో అందరూ ఆమెను టీచరమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది వెనకవైపు బళ్లు కడిగేవాళ్లు. అంతకు ముందు ఆమె ఒక బడిలో పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పేది. ఆ బడి మూతపడితే, ఇంట్లో కూర్చోలేక, తెలిసినవాళ్ల మాట సాయంతో ఈ ఖరీదైన కార్ల షోరూములో చేరింది. చేరిన కొత్తలో అక్కడి కుర్రకారు చాటుగా నవ్వుకున్నారు. నడివయసు మనిషి, ఎత్తు మడమల చెప్పులు వేసుకుని నాలుగడుగులు నడవలేదు, వచ్చినవాళ్లను ముఖస్తుతి చెయ్యడం రాదు, ఈవిడేం అమ్ముతుందిలే అనుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆవిడ ఖాళీ అయ్యేదాకా సోఫాలో కూర్చుని ఎదురుచూసేవాళ్లు తయారయ్యారు.

కారణం పెద్దదేమీ కాదు. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేది. ఒకాయన వచ్చి షోరూములోకెల్లా పెద్ద బండి చూపించమంటే, ముందు ఆయన ఇల్లెక్కడో, వీధి ఎంత వెడల్పో కనుక్కుంది.

"మీ సందులోకి ఇది పట్టదు సార్. పట్టినా పక్కింటాయనతో రోజూ తగాదానే. ఆ చిన్నది చూడండి" అంది.

మేనేజరు గాజు గదిలోంచి చూసి తల పట్టుకున్నాడు. ఆయన మాత్రం చిన్న బండి కొనుక్కుని, ఆ పైన తన తమ్ముణ్ణి, బావమరిదిని, ఆఫీసులో పై అధికారిని కూడా ఆవిడ దగ్గరికే పంపాడు. అప్పట్నుంచి మేనేజరు తల పట్టుకోవడం మానేశాడు.

ఆ రోజుల్లో కంపెనీ ఊదరగొట్టిందంతా క్లీన్ డీజిల్ గురించి. డీజిల్ బండి అంటే నల్లపొగ అనే కాలం పోయిందని, ఇంజను వెనక రెండు ఏర్పాట్లు పెట్టామని చెప్పేవారు. ఒకటి మసిని పట్టి ఉంచే జల్లెడ లాంటిది. రెండోది, పొగ వెళ్లే గొట్టంలోకి యూరియా నీళ్లు చిమ్మి, విషవాయువును మామూలు గాలిగా, నీటి ఆవిరిగా మార్చేది. టీచరమ్మకు ఈ రెండోది తెగ నచ్చింది. బళ్లో నల్లబల్ల మీద రాసిన సమీకరణం ఇక్కడ బండి కింద పనిచేస్తోందంటే ఆవిడకు ముచ్చటేసింది. కొనడానికి వచ్చినవాళ్లకు పాఠం చెప్పినట్టు చెప్పేది. అర్థం కాకపోతే మళ్లీ చెప్పేది. ఆ చెప్పడంలో కల్లాకపటం లేదు. తను నమ్మింది కాబట్టే చెప్పింది.

తెల్లగుడ్డ ఆట కనిపెట్టింది కూడా ఆవిడే. ఇంట్లో అత్తగారికి కుట్టుమిషను ఉంది. చిరిగిన తెల్ల దుప్పటి ఒకటి ముక్కలు చేసి, అంచులు కుట్టి ఇమ్మని అడిగింది. "ముక్కు తుడుచుకోడానికి ఇన్నెందుకే అమ్మాయ్, జలుబు ఊరందరికీ పట్టిందా?" అంటూనే అత్తగారు కుట్టిచ్చింది. టీచరమ్మ డీజిల్ బండి స్టార్టు చేయించి, పొగగొట్టం నోటికి ఆ గుడ్డ అడ్డం పెట్టి కాసేపు ఉంచి, తీసి చూపించేది. మచ్చ పడేది కాదు. చూసినవాళ్లు నోరు వెళ్లబెట్టేవారు.

ఆ సంగతి పైదాకా వెళ్లింది. అన్ని షోరూముల మీదా అజమాయిషీ చేసే పెద్దాయన స్వయంగా వచ్చి చూసి, భుజం తట్టి, "అద్భుతం అమ్మా, ఇది అందరికీ నేర్పాలి" అన్నాడు. నెల తిరక్కుండా కంపెనీ ముద్ర వేసిన తెల్ల రుమాళ్లు పెట్టెలకొద్దీ దిగాయి. వేరే ఊళ్ల షోరూముల వాళ్లను పిలిపించి, పెద్దాయన పక్కన నిలబడి ఉండగా ఆవిడ చేత పాఠం చెప్పించారు.

ఆ గుడ్డను చూసి కూడా నమ్మని మనిషి ఒక్కతే వచ్చింది. ఆవిడ ఊపిరితిత్తుల డాక్టరు. గుడ్డ చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "మసి లేదు సరే. కంటికి కనపడని వాయువుల మాటేంటి? నా వార్డులో పడుకున్న పిల్లల్ని ఆయాసపెట్టేది అదే కదా" అంది.

"దానికే మేడమ్ ఆ యూరియా నీళ్లు. పరీక్షలో వచ్చిన అంకెలు ఇవిగో."

"పరీక్ష సంగతి సరే. రోడ్డు మీద కూడా ఇంతేనా?"

టీచరమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "రోడ్డు మీద కూడా ఇంతే. నేను మాటిస్తున్నాను."

డాక్టరమ్మ ఆవిడ మొహంలోకి చూసి, "అయితే తీసుకుంటాను" అంది. కాగితాల మీద ఏముందో పెద్దగా చూడలేదు. మాట మీద కొనుక్కుని పోయింది.

రెండేళ్లు గడిచాయి. ఒక పొద్దున టీచరమ్మ విశ్రాంతి గదిలో టీ కలుపుకుంటుంటే గోడ మీది టీవీలో తమ కంపెనీ గుర్తు కనబడింది. కొత్త ప్రకటన కాబోలు అనుకుని తలెత్తింది. ప్రకటన కాదు. వార్త. బండిని పరీక్ష కోసం రోలర్ల మీద ఎక్కించినప్పుడు, చక్రాలు తిరుగుతున్నా స్టీరింగు కదలకపోతే, ఇది పరీక్ష అని ఇంజనులోని కంప్యూటరు పసిగడుతుందట. అప్పుడు మాత్రం యూరియా నీళ్లు పుష్కలంగా చిమ్మి, పొగను కడిగి ముత్యంలా పంపిస్తుందట. రోడ్డెక్కగానే ఆ నీళ్లు పొదుపు చేసి, విషవాయువును ఉన్నదున్నట్టు జనం మీదికి వదిలేస్తుందట. పొరపాటున జరిగింది కాదు. తెలిసినవాళ్లు, జీతాలు తీసుకుంటూ, గదుల్లో కూర్చుని రాసి పెట్టిన ఏర్పాటు.

టీ చల్లారిపోయింది. ఆవిడకు ముందు గుర్తొచ్చింది గుడ్డ. గుడ్డ మీద పడేది మసి. మసిని జల్లెడ పట్టేస్తోంది, అది నిజమే. ఆ విషవాయువుకు గుడ్డను నల్లబరిచే గుణమే లేదు. రసాయన శాస్త్రం చెప్పిన మనిషికి ఇది తట్టకపోవడమేమిటి? తట్టింది. డాక్టరమ్మ అడిగినప్పుడు కూడా తట్టింది. అందుకే పరీక్ష అంకెలు చూపించింది. ఆ అంకెలే దొంగవని ఎవరికి తెలుసు?

అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా మేనేజరు గాజు గదిలోకి వెళ్లింది.

"ఇది మీకు ముందే తెలుసా?"

"నాకేం తెలుసమ్మా, నేనూ మీలాగే టీవీలో చూశాను" అన్నాడు మేనేజరు. అది నిజమే అయుండొచ్చు. కానీ ఆ తర్వాత అన్నదే ఆవిడ ఒళ్లు మండించింది. "ఎవరైనా ఫోన్ చేస్తే, భద్రతకేం ఢోకా లేదు, మా ఇంజనీర్లు చూస్తున్నారు అని చెప్పండి. అంతకు మించి మాట్లాడొద్దు. నాలుగు రోజులు ఓపిక పడితే జనమే మర్చిపోతారు."

"భద్రత ఎవరికి సార్? లోపల కూర్చున్నవాళ్లకా, బయట గాలి పీల్చేవాళ్లకా?"

"మీరు మళ్లీ పాఠం మొదలెట్టకండి" అన్నాడు మేనేజరు.

ఆ వారమంతా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. కుర్రకారు అంతా చెప్పమన్న ముక్క చిలకల్లా అప్పజెప్పారు. టీచరమ్మ మాత్రం తన దగ్గర కొన్నవాళ్లకు తనే ఫోన్ చేసి, "మీకు నేను చెప్పింది నిజం కాదు. నాకు తెలియక చెప్పాను. మీరు ఫిర్యాదు చెయ్యండి" అంది. కొందరు తిట్టారు. ఒకాయన, "పోనీలెండి, బండి పరుగు బాగుంది కదా" అన్నాడు. తిట్టినవాళ్ల కంటే ఆయన మీదే ఆవిడకు ఎక్కువ కోపం వచ్చింది.

డాక్టరమ్మ ఫోనెత్తలేదు. నేరుగా వచ్చింది. షోరూములో కొత్త బండి తాళాలు అందుకుంటూ ఒక కుటుంబం ఫొటో దిగుతోంది. వాళ్ల ముందే బండి తాళం బల్ల మీద టపీమని పెట్టింది.

"రెండేళ్లు. రోజూ ఆ బండిలోనే ఆసుపత్రికి వెళ్లాను. కిటికీ తీస్తే వార్డులోకి వచ్చే గాలిలో నా బండి పొగ కూడా ఉంది. నువ్వు మాటిచ్చావు."

"ఇచ్చాను మేడమ్" అంది టీచరమ్మ. తల కొట్టేసినట్టయింది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. చల్లటి నీళ్లు తెప్పించాడు. "మేడమ్, మీరు కంగారు పడొద్దు. వచ్చే నెల ఇంజనూ బ్యాటరీ రెండూ ఉన్న మా హైబ్రిడ్ బండి వస్తోంది. ఈ బండి మేమే తీసుకుని, మీకు మంచి తగ్గింపు ఇప్పిస్తాం. దాంట్లో పొగ అనే మాటే ఉండదు."

డాక్టరమ్మ ఆయన వైపు చూడను కూడా చూడలేదు. టీచరమ్మనే అడిగింది. "ఇతను చెప్పేది నిజమా?"

"నాకు తెలీదు మేడమ్. నేను తోలి చూడలేదు. చూశాక చెబుతాను."

మేనేజరు మొహం మాడిపోయింది.

హైబ్రిడ్ గురించి ఎలా మాట్లాడాలో నేర్పడానికి కంపెనీ ఒక శిక్షకుణ్ణి పంపింది. అతను తెర మీద వాక్యాలు చూపిస్తూ అందరి చేతా వల్లె వేయించాడు. "విలాసానికీ ప్రకృతికీ మధ్య రాజీ లేదు." "మీ పిల్లల ఊపిరికి మా హామీ." టీచరమ్మ వింటూ కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఇవన్నీ క్లీన్ డీజిల్ అప్పుడు చెప్పినవే. అక్షరం మారలేదు. క్లీన్ డీజిల్ అన్న చోట హైబ్రిడ్ అని పెట్టారు, అంతే. మసిపూసి మారేడుకాయ చెయ్యడానికి కొత్త మసి కూడా వెతుక్కోలేదు వీళ్లు!

"బండి నాకు ఒక రోజు ఇవ్వండి. తోలి చూస్తాను. చూడనిదే దాని గురించి నోరు విప్పను" అంది.

"అమ్మడం మీ పని. పరీక్షించడం కాదు" అన్నాడు శిక్షకుడు.

"రెండేళ్ల క్రితం నేనూ అలాగే అనుకున్నాను."

కొనేవాళ్లు ఇంకా ఆవిడ పేరు చెప్పుకునే వస్తున్నారు కాబట్టి మేనేజరు పళ్లు కొరుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఆదివారం నాడు బండి తీసుకుని ఇంటికెళ్లింది. భర్త లిఫ్టులు బాగుచేసే మనిషి. ఆ రోజు ఎక్కడో లిఫ్టులో జనం ఇరుక్కుపోతే వెళ్లాడు. దాంతో అత్తగారు ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

ఊళ్లో బండి ముచ్చటగా నడిచింది. సిగ్నలు దగ్గర ఆగితే ఇంజను కూడా ఆగిపోయేది. చప్పుడే లేదు. "ఆగిపోయిందేమిటే, తోయాలా?" అని అత్తగారు కంగారుపడింది. బ్రేకు తొక్కినప్పుడల్లా వృథాగా పోయే శక్తి బ్యాటరీలోకి చేరుతుందని టీచరమ్మ చెప్పింది. ఊరు దాటి వంతెనెక్కి, కొండ దారి పట్టగానే ఇంజను గర్జించింది. కాసేపటికి బ్యాటరీ అడుగంటింది. అక్కణ్ణుంచి అది ఉత్త పెట్రోలు బండి. పైగా అంత బరువు బ్యాటరీని కూడా మోసుకుంటూ తాగాల్సిన దానికంటే ఎక్కువే తాగింది. ఇంటికొచ్చాక తీగ తగిలించి ఛార్జింగు పెడితేనే మళ్లీ మంచి బండి అవుతుంది. పెట్టకపోతే లేదు. ఆ తీగ వెనక డిక్కీలో, కట్టిన సంచీ విప్పకుండా, అలాగే ఉంది. కంపెనీవాళ్లు అంతమంది ఈ బండిని తోలి చూశారు కదా, ఒక్కరంటే ఒక్కరు కూడా దాన్ని బయటికి తియ్యలేదు.

"బాగానే ఉందిగా అమ్మాయ్. మరి మొహం ఎందుకలా పెట్టావు?" అంది అత్తగారు.

"బండి మంచిదే అత్తయ్యా. దీని గురించి వీళ్లు చెప్పమంటున్నదే అబద్ధం."

"అయితే చెప్పకు."

"చెప్పకపోతే ఉద్యోగం ఉండదు."

"ఉద్యోగం నీది. నోరు కూడా నీదే. ఏది ఉంచుకుంటావో నువ్వే చూసుకో" అని అత్తగారు కిటికీ అద్దం పైకీ కిందికీ ఆడించుకుంటూ కూర్చుంది.

హైబ్రిడ్ ఆవిష్కరణ మధ్యాహ్నం పెట్టారు. షోరూము మధ్యలో తిరిగే వేదిక, దాని మీద బండి, బండి మీద నీలం పట్టు ముసుగు. పాతవాళ్లను, కొత్తవాళ్లను, పత్రికల వాళ్లను పిలిచారు. డాక్టరమ్మ కూడా వచ్చి వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడింది. పెద్దాయన మైకు పుచ్చుకుని, "గతం గతః. మేం పాఠం నేర్చుకున్నాం" అన్నాడు. ఏం పాఠమో చెప్పలేదు. ముసుగు తీశారు. చప్పట్లు మోగాయి.

అప్పుడాయన టీచరమ్మను వేదిక మీదికి పిలిచి, కంపెనీ ముద్ర ఉన్న తెల్ల రుమాలు చేతిలో పెట్టాడు. "మీ అందరి టీచరమ్మ ఇప్పుడు మనకొక చిన్న ప్రయోగం చేసి చూపిస్తారు."

బండి బ్యాటరీ మీద నడుస్తోంది. ఇంజనే తిరగడం లేదు. పొగగొట్టానికి గుడ్డ అడ్డం పెడితే మచ్చ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ మాటకొస్తే గోడకు పెట్టినా రాదు. ఇంత జరిగాక కూడా, అదే మనిషి చేత, అదే జనం ముందు, అదే గుడ్డ పట్టించాలని చూశారు! సిగ్గనేది ఏ కోశానా లేదా వీళ్లకు? ఆవిడ రుమాలు మడిచి పెద్దాయన చేతిలోనే తిరిగి పెట్టింది.

మైకు అందుకుంది.

"ఈ ప్రయోగం నేను చెయ్యను. ఇది ప్రయోగం కాదు, గారడీ. అప్పుడూ గారడీయే. అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు తెలుసు" అంది. జనం గుసగుసలాడారు. "ఈ బండి చెడ్డది కాదు. ఊళ్లో తిరిగి, రోజూ ఛార్జింగు పెట్టుకునేవాళ్లకు పనికొస్తుంది. ఎక్కువ దూరాలు వెళ్లేవాళ్లకు, తీగ తగిలించే ఓపిక లేనివాళ్లకు ఇది మామూలు పెట్రోలు బండే. పొగ వస్తుంది. రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. నేను చెప్పినా నమ్మకండి. రోడ్డు మీద పరీక్ష చేయించి చూపించమని అడగండి."

పెద్దాయన నవ్వు మొహానికి అలాగే అతుక్కుపోయింది. ఎవరో మైకు ఆపేశారు. టీచరమ్మ గొంతు తరగతి గది వెనక బెంచీ దాకా వినబడే గొంతు. మైకు అక్కర్లేదు. "అప్పుడు అమ్మిన డీజిల్ బళ్లు వెనక్కి తీసుకోండి ముందు! తర్వాత ఈ ముసుగులు తియ్యొచ్చు!" అంది. వెనక వరసలో డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. పాత బళ్లవాళ్లు అందుకున్నారు.

సాయంత్రానికి ఉద్యోగం ఊడింది. మేనేజరు ఆవిడ సొరుగులోని సామాను తనే సంచీలో సర్ది ఇస్తూ, "ఎందుకమ్మా మీకీ గొడవ, నాలాగా తల వంచుకుని పోవచ్చు కదా" అన్నాడు. జాలిగానే అన్నాడు. "మీ మెడ నొప్పి పుట్టదా సార్?" అని సంచీ తీసుకుని వచ్చేసింది.

డాక్టరమ్మ, మరికొందరు కలిసి కోర్టుకు వెళ్లారు. టీచరమ్మ సాక్ష్యం చెప్పడానికి వెళ్లింది. ఆ రోజు అక్కడ విన్నది మాత్రం ఆవిడ ఈనాటికీ జీర్ణించుకోలేదు. కంపెనీ వకీలు లేచి, ఎంతో మర్యాదగా, "రోడ్డు మీద కూడా పొగ శుభ్రంగా ఉంటుందని కంపెనీ ఎక్కడా రాసివ్వలేదు. అది ఈ ఉద్యోగిని అత్యుత్సాహం కొద్దీ సొంతంగా చెప్పిన మాట. ఆ గుడ్డ వ్యవహారం కూడా ఆవిడ సొంత తెలివే" అన్నాడు.

తప్పంతా తెచ్చి ఆవిడ నెత్తిన రుద్దారు! ఇంజనులో మోసం కూర్చినవాడు కాదు, దాన్ని దాచినవాడు కాదు, లాభాల మీద కూర్చున్నవాడు కాదు. నమ్మి మాట్లాడిన మనిషి దోషి అయిపోయింది. టీచరమ్మ ఇక ఆగలేదు.

"గుడ్డ నా తెలివే, ఒప్పుకుంటాను. మా అత్తగారి దుప్పటి చించి కుట్టించాను. కానీ ఆ రుమాళ్ల మీద మీ ముద్ర ఎవరు వేశారు? మా అత్తగారా? పెట్టెలకొద్దీ అన్ని షోరూములకూ ఎవరు పంపారు? అందరికీ నేర్పమని నా పక్కన నిలబడి భుజం తట్టింది ఎవరు? అదిగో, ఆ మూడో కుర్చీలో కూర్చున్నాయన. ఆయన్ని అడగండి."

న్యాయమూర్తి పెద్దాయన్ని లేపి అడిగింది. ఆయన నీళ్లు నమిలాడు. గుర్తులేదన్నాడు. వేరే ఊరి షోరూము నుంచి పాఠం నేర్చుకోవడానికి వచ్చిన ఇద్దరు తమకు గుర్తుందన్నారు. ఆ తర్వాత వకీలు అత్యుత్సాహం అనే మాట మళ్లీ ఎత్తలేదు.

తీర్పు వచ్చింది. ఇష్టమున్నవాళ్ల దగ్గర బళ్లు వెనక్కి తీసుకోవాలన్నారు. మిగతావాటికి కంప్యూటరు ఏర్పాటు మార్చాలన్నారు. డాక్టరమ్మ బండి తిరిగిచ్చేసింది. పెద్దాయన్ని శిక్షించారా అంటే లేదు. వేరే చోటికి, ఇంకా పెద్ద గదిలోకి మార్చారు. క్షమించండి అన్న మాట ఆ కంపెనీలో ఒక్కరి నోటా రాలేదు. టీచరమ్మకు అదే ముల్లులా గుచ్చుకుంది. "డబ్బు మొహాన కొడితే నోరు కడుక్కున్నట్టేనా?" అని ఇంట్లో గిన్నెలు తోముతూ తోముతూ ఆగి అడిగేది. "గిన్నెకేం తెలుసే, దాన్ని అలా రుద్దుతావు" అని అత్తగారు ఆ గిన్నె లాక్కునేది.

కొన్నాళ్లు ఎవరూ పని ఇవ్వలేదు. షోరూములవాళ్లంతా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. చివరికి ఊరి బస్సుల డిపోలో దొరికింది. అక్కడ కొత్తగా హైబ్రిడ్ బస్సులు వచ్చాయి. బ్రేకు ఒక్కసారిగా కాక, ముందునుంచీ మెల్లగా తొక్కితే బ్యాటరీ నిండుతుంది. అది డ్రైవర్లకు నేర్పాలి. తలలు పండిన డ్రైవర్లు మొదట వినలేదు. "బ్రేకు తొక్కడం కూడా మాకు నేర్పుతావా తల్లీ?" అన్నారు. ఆవిడ వాళ్ల పక్కన రోజంతా బస్సులో కూర్చుంది, సాయంత్రం ఎవరి బస్సు ఎంత డీజిల్ తాగిందో అందరి ముందూ చదివించింది. ఆ తర్వాత వాళ్లలో వాళ్లకే పోటీ పుట్టింది.

ఒకరోజు ఆవిడ అలా బస్సులో ఉండగా ఫోన్ మోగింది. పాత మేనేజరు. కంపెనీ కొత్త వరస బళ్లు తెస్తోందట. జనానికి నమ్మకం కలగాలంటే నమ్మకమైన మొహం కావాలని పైవాళ్లు అనుకుంటున్నారట. "మీకైతే మంచి హోదా ఇస్తామన్నారు. నేనే మీ పేరు చెప్పాను" అన్నాడు.

"నా మొహం ఏమన్నా అద్దెకిచ్చే షామియానానా సార్?" అంది టీచరమ్మ. బస్సులో సగం మంది తిరిగి చూశారు. "ముందు ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, ఆవిడ వార్డులో నిలబడి, తప్పయిందని చెప్పమనండి మీ పైవాళ్లను. చెప్పొచ్చాక ఫోన్ చెయ్యండి."

ఫోన్ సంచీలోకి విసురుగా పడేసింది. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఎవరమ్మా?" అన్నాడు.

"ఎవరో సిగ్గులేనివాళ్లులే. నువ్వు ముందు చూడు, స్టాపు వస్తోంది. ఇప్పట్నుంచే తొక్కు" అంది.